ఎడమ పక్క మేకులు

మార్చి 13, గురువారం

కుడి పక్క ఖాళీగా ఉంది. నా కళ్ళతో నేను చూశాను.

విచారణలో ఈ మాటే చెప్పాలి. "గుర్తున్నదంతా ఇప్పుడే కాగితం మీద పెట్టుకో, నెల తర్వాత అడిగితే తడబడతావు" అన్నారు కెప్టెన్ గారు. విచారణ సంఘంలోని ముగ్గురు సభ్యుల్లో ఒకాయన లాయరట, ఓడ ఎక్కిన పాపాన పోలేదట. ఆయనకు అ ఆల దగ్గర్నుంచీ చెప్పుకుంటూ రావాలి. సరే, ఇక్కడే సాధన చేస్తాను.

పంపుల గది ఓడ అడుగున ఉంటుంది. లోపలికి దిగే దారికి ఉన్న ఇనుప మూత పక్కన గోడకు ఒక చెక్క బోర్డు. బోర్డుకు రెండు వరసల మేకులు. ఎడమ వరస 'బయట', కుడి వరస 'లోపల'. ఇంజను విభాగంలో పద్నాలుగు మంది ఉన్నారు, పద్నాలుగు మందికీ పేర్లు చెక్కిన ఇత్తడి బిళ్ళలున్నాయి. కిందికి దిగేవాడు తన బిళ్ళను ఎడమ మేకు నుంచి తీసి కుడి మేకుకు తగిలించి దిగాలి. పైకి వచ్చాక మళ్ళీ ఎడమకు మార్చాలి. ఆ గదిలో మంటలు లేస్తే గ్యాస్ వదులుతాం. అది మంటకు ఊపిరి అందనివ్వదు. మనిషికీ అందనివ్వదు. అందుకని వదిలే ముందు అధికారి స్వయంగా బోర్డు చూడాలి. కుడి పక్క ఒక్క బిళ్ళ ఉన్నా వదలకూడదు.

పోయిన శనివారం పొద్దున పదీ నలభైకి ఆ గదిలో మంటలు లేచాయి. కెప్టెన్ గారు ఒడ్డున మీటింగులో ఉన్నారు. ఆయన తర్వాత నేనే కాబట్టి ఓడ నా చేతిలో ఉంది. పంపుల గది గోడ అవతల ఇంధనం ట్యాంకు. ఓడలో నూట పన్నెండు మంది. బోర్డు చూశాను. కుడి పక్క ఖాళీ. గ్యాస్ వదలమన్నాను.

లోపల ఒకడున్నాడు.

మార్చి 14, శుక్రవారం

అతన్ని ఓడలో అందరూ ఈల అనేవారు. కరెంటు పని చేసేవాడు. వైర్లు విప్పుతూ ఈల వేసేవాడు, అదీ ఒకే పాట, అదీ సగమే. ఒకసారి ఆపి, "మిగతా సగం ఎప్పుడు నేర్చుకుంటావోయ్" అని అడిగాను.

"పెళ్ళయ్యాక సార్. అన్నీ ఇప్పుడే అయిపోతే ఎలా" అన్నాడు.

ఇరవై ఏడేళ్ళు.

మార్చి 16, ఆదివారం

మంగళవారం నాటి అంత్యక్రియల గురించి ఇంతవరకు రాయలేదు. రాయకుండా తప్పించుకుందామనే చూశాను.

ఈల తండ్రి మా మాస్టారు. శిక్షణ కేంద్రంలో మా బ్యాచికి ఓడ భద్రత నేర్పింది ఆయనే. పదిహేడేళ్ళప్పుడు నాకు మొదటి ఇత్తడి బిళ్ళ ఇచ్చిన చెయ్యి ఆయనది. నెల తిరక్కుండానే నేను ఒకరోజు గదిలోంచి బయటికొచ్చి బిళ్ళ మార్చడం మర్చిపోయాను. భోజనం వేళయింది. మాస్టారు అందర్నీ మైదానంలో నిలబెట్టారు. నేను ముందుకెళ్ళి, "సార్, అది నా బిళ్ళే, నేను ఇక్కడే ఉన్నాను" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నువ్వెవరో నాకు తెలీదు బాబూ. ఆ పేరున్నవాడు కింద ఉన్నాడని బోర్డు చెప్తోంది. వెళ్ళి వెతికి తీసుకురా" అన్నారు. మధ్యాహ్నమంతా ఆ ఖాళీ గదిలో నా పేరు నేనే అరుచుకుంటూ నన్ను నేనే వెతుక్కున్నాను. పైన బ్యాచంతా కడుపు చేత్తో పట్టుకుని నవ్వడం వినపడుతూనే ఉంది. ఆకలి మీద ఉండి కూడా నవ్వారు వెధవలు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నేను బిళ్ళ మర్చిపోలేదు.

భార్య పోయాక ఆయన ఒక్కరే కొడుకుని పెంచారు. వాడు మా ఓడకు వచ్చినప్పుడు నాకు ఉత్తరం రాశారు. "మీ దగ్గరున్నాడంటే నా దగ్గరున్నట్టే" అని.

మంగళవారం అంతా అయిపోయాక ఆయనే నా దగ్గరికి వచ్చారు. నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"బాబూ, మావాడు బిళ్ళ మార్చకుండా దిగాడటగా. నా కొడుకై ఉండి. నేను చిన్నప్పుడే నేర్పాను వాడికి, ఇంట్లో తలుపు పక్కన మేకు కొట్టి మరీ నేర్పాను. మీకెంత తలనొప్పి తెచ్చిపెట్టాడు. ఏమీ అనుకోకండి."

"అలా అనకండి మాస్టారూ" అన్నాను నేను. అంతకంటే ఒక్క ముక్క కూడా అనలేదు.

మార్చి 17, సోమవారం

కుడి పక్క ఖాళీగానే ఉంది. ఇందులో అబద్ధం లేదు.

మార్చి 20, గురువారం

కొత్త ఓడకు కెప్టెన్‌గా నా పేరు పైకి వెళ్ళిందట. విచారణ నివేదికలో నా మీద మచ్చ లేకపోతే జూన్‌లో ఆర్డరు. సర్వీసు వివరాలు ఫారంలో పేజీన్నరకు మించకుండా రాసిమ్మన్నారు. మధ్యాహ్నమంతా భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆ పనే చేశాను.

పదిహేడో ఏట చేరిక. మొదటి ఓడ, మూడు నెలలు ఏకధాటిగా వాంతులు. "సముద్రం మీకు పడదు సార్, బ్యాంకు పరీక్ష రాసుకోండి" అని వంటవాడు జాలిపడ్డాడు. అది ఫారంలో రాయలేదు. రెండో ఓడ, తుఫానులో విరిగిపోయిన చేపల పడవ నుంచి పదకొండు మందిని పైకి లాగాం, దానికి పతకం. అదే వారం నాన్న పోయారు. కబురు నాకు తొమ్మిది రోజులకు అందింది. మూడో ఓడ, నాలుగో ఓడ. మధ్యలో రెండేళ్ళు ఆఫీసు ఉద్యోగం, ఆ రెండేళ్ళూ మా ఆవిడ జీవితంలో మంచి కాలం అంటుంది, నాకు మాత్రం కాళ్ళు కట్టేసినట్టుండేది. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో పదకొండు ఇళ్ళు మారాం.

పిల్లల వయసు అన్న చోట పద్నాలుగు అని వేశాను. మా ఆవిడ భుజం మీదుగా తొంగిచూసి, "పదహారు. మీరు సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ పిల్ల ఎదగకుండా కూర్చుందనుకున్నారా" అంది. ఇద్దరం నవ్వాం. చాలా రోజులకు నవ్వాం.

నాకు ఆ ఓడ కావాలి. డైరీలో కూడా దాచుకుంటే ఇంకెక్కడ చెప్పుకోను. పదిహేడో ఏట నుంచీ కావాలి.

మార్చి 23, ఆదివారం

ఇంజను విభాగం చీఫ్ ఇంటికి వచ్చాడు. సర్వీసులో నాకంటే రెండేళ్ళు పెద్ద. కుర్చీ అంచున కూర్చున్నాడు. టీ చల్లారిపోయేదాకా వాతావరణం గురించీ, తన మోకాళ్ళ గురించీ చెప్పాడు. లేచేముందు గొంతు తగ్గించాడు.

"సార్, ఆ బోర్డు సంగతి ఎవరు అడిగినా నాకు గుర్తులేదంటాను."

"ఏ సంగతి?" అన్నాను.

అతను నా మొహం కాసేపు చూశాడు. "అంతే సార్. మీరు అలాగే ఉండండి" అని చెప్పులు వేసుకున్నాడు.

మా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

మార్చి 24, సోమవారం

అతను ఏ సంగతి అన్నాడో నాకు నిజంగానే అర్థం కాలేదు.

మార్చి 25, మంగళవారం

అర్థమైంది. అప్పుడే అర్థమైంది.

మార్చి 28, శుక్రవారం

రాస్తాను. చదివేవాళ్ళు లేరు కదా.

ఆ సోమవారం అడ్మిరల్ తనిఖీకి రావలసి ఉంది. మంటలు లేచిన ఆ శనివారం పొద్దున పదింటికి నేను ఓడంతా ఒక చుట్టు తిరిగాను. పంపుల గది దగ్గర ఆగి బిళ్ళలను వేలితో రుద్దాను. పచ్చగా చిలుము అంటింది. నాకు ఒళ్ళు మండింది.

"ఇవి పుట్టాక ఎప్పుడైనా తోమారా చీఫ్?" అన్నాను.

"తోమిస్తాను సార్."

"ఇప్పుడే. అన్నీ తీయించు."

చీఫ్ నసిగాడు. "కింద పని నడుస్తోంది సార్. మనుషులు దిగుతూ ఎక్కుతూ ఉంటారు. రేపు ఆదివారం, పని ఉండదు, రేపు తోమిద్దాం."

"అరగంట పనికి ముహూర్తం పెట్టాలా నీకు?" అన్నాను. పక్కనున్న ఇద్దరు నవ్వారు. వాళ్ళు నవ్వినందుకు నాకు సంతోషం కూడా కలిగింది. చీఫ్ మొహం మాడ్చుకుని పద్నాలుగు బిళ్ళలూ డబ్బాలో వేసుకుని వెళ్ళాడు.

బిళ్ళలు తీస్తే, అవి తిరిగి వచ్చేదాకా మూత దగ్గర ఒక మనిషిని కాపలా పెట్టాలి. ఎవరు దిగారో వాడు పలక మీద రాసుకుంటాడు. ఎవరినీ పెట్టమనలేదు. ముందుకు నడిచి వంటగది తనిఖీకి వెళ్ళాను.

ఈల దిగాడు. మార్చడానికి వాడి బిళ్ళ అక్కడ లేదు.

మంటలు లేచినప్పుడు నేను బోర్డు చూశాను. కుడి పక్క ఖాళీ. ఎడమ పక్క కూడా ఖాళీ. పద్నాలుగు మేకులూ బోడిగా ఉన్నాయి. ఎడమ పక్క ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు, ఓడలో నిన్న చేరినవాడికి కూడా తెలుసు ఆ ముక్క. బోర్డు జానెడు వెడల్పు. ఒక పక్క చూసి ఇంకో పక్క చూడలేదంటే ఎవరు నమ్ముతారు. చూశాను.

మంట కంగారులో మర్చిపోయానని రాద్దామని పది నిమిషాలుగా కలం పట్టుకు కూర్చున్నాను. అదీ నిజం కాదు. బిళ్ళలు తోమడానికి పంపిన సంగతి నాకు గుర్తుంది. ఈ కాస్తలో ఎవడూ దిగి ఉండడులే అనుకున్నాను. మూత దగ్గర వంగి కేకవేసి ఉంటే పైకి వచ్చేవాడు, లేదా బదులు పలికేవాడు. అందుకు నిమిషం చాలు. మంట ట్యాంకు గోడను చేరడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయని తర్వాత తేలింది.

వాణ్ణి పైకి తెచ్చే హడావుడిలో చీఫ్ మెరిసే బిళ్ళలన్నీ తెచ్చి ఎడమ మేకులకు తగిలించాడు. ఈల బిళ్ళతో సహా. నన్ను కాపాడదామని చేశాడో, చేతులు ఊరికే ఉండలేక చేశాడో తెలియదు. సాయంత్రం వచ్చి చూసినవాళ్ళకు మాత్రం ఒక్కటే కనిపించింది. బిళ్ళ బయట, మనిషి లోపల. నిర్లక్ష్యం వాడిదేనని అందరూ అనుకున్నారు. నేను కాదనలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

మా ఆవిడకు చెప్పాను. బట్టలు మడతపెడుతోంది. చేతిలో ఉన్న చొక్కాను మూడుసార్లు విప్పి మూడుసార్లు మడిచింది.

"చెప్పకండి" అంది చివరికి.

"మాస్టారు కొడుకు తప్పనుకుంటున్నారు."

"మీరు చెప్తే ఆ పిల్లాడు తిరిగొస్తాడా? పంతొమ్మిదేళ్ళు, ఈ ఒక్క ఓడ కోసం ఎన్ని ఊళ్ళు తిరిగాను నేను. ఎన్నిసార్లు ఒంటరిగా ఆసుపత్రికి వెళ్ళాను. నా దగ్గరికొచ్చి మంచివారు కాకండి. నాకు ఓపిక లేదు."

తర్వాత వంటగదిలోకి వెళ్ళి ఏడ్చింది. వెనక్కి వచ్చి, "నేనన్నానని మాత్రం ఆగిపోకండి, ఆ పాపం నాకొద్దు" అంది. మళ్ళీ చొక్కా తీసుకుంది.

ఏప్రిల్ 7, సోమవారం

కెప్టెన్ గారు భుజం తట్టారు. "బుధవారం ఒక్క గంట ఓర్చుకో. కుడి పక్క ఖాళీ, గ్యాస్ వదిలాను, అంతే. నువ్వు వదలకపోతే నూట పన్నెండు ప్రాణాలు పోయేవి. మీ మాస్టారు కూడా నీ తరఫున చెప్తానని తనంతట తానే వస్తున్నారు."

"ఆయనెందుకు సార్" అన్నాను.

"పెద్దమనిషి. ఆయన మాటకు బరువుంటుంది."

చెప్పను. నిర్ణయించుకున్నాను. మా ఆవిడ అన్నది నిజం, చెప్తే ఎవరు తిరిగొస్తారు. కుడి పక్క ఖాళీగా ఉంది.

ఏప్రిల్ 9, బుధవారం

పొద్దున పదింటికి విచారణ. పొడవాటి బల్ల, నీళ్ళ జగ్గు, మూడు గ్లాసులు. సాక్షుల్ని ఒక్కొక్కర్నీ లోపలికి పిలుస్తారు, చెప్పింది చెప్పి వెళ్ళిపోవాలి. నేను సంబంధిత అధికారిని కాబట్టి మొదటి నుంచీ గోడ పక్క కుర్చీలో కూర్చున్నాను. చీఫ్ వచ్చి గుర్తులేదు, గుర్తులేదు అని వెళ్ళాడు. నా వంక చూడలేదు.

తర్వాత మాస్టారు వచ్చారు. పాత యూనిఫాం కోటు వేసుకున్నారు. ఇప్పుడది భుజాల దగ్గర వదులైంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"తప్పు మావాడిదే అయ్యా. ఈ మాట చెప్పడానికే వచ్చాను. ఈ అధికారి నా దగ్గర నేర్చుకున్నవాడు. నా చేతిలో మూడు వందల పైచిలుకు మంది నేర్చుకుని ఉంటారు, ఇంత శ్రద్ధ నేను ఇంకొకరిలో చూడలేదు. బోర్డు చూడకుండా వదిలే మనిషి కాదు. ఆయనకు మచ్చ రాకుండా చూడండి."

లాయరు కళ్ళజోడు సర్దుకుని అడిగాడు. "మీ అబ్బాయి ఇదివరకు ఎప్పుడైనా బిళ్ళ మర్చిపోయాడా?"

మాస్టారు కొంచెం ఆలోచించారు. "నేను చూడగా ఎప్పుడూ లేదయ్యా. కానీ బోర్డు అబద్ధం చెప్పదు కదా."

సెల్యూట్ చేసి వెళ్ళిపోయారు. తలుపు మూసుకుంది.

అధ్యక్షుడు నా వైపు తిరిగి, మీరు చెప్పేదేమైనా ఉందా అన్నారు. లేచి నిలబడ్డాను. నెల రోజులుగా నలిగిన మాటే నోటికొచ్చింది.

"కుడి పక్క ఖాళీగా ఉంది" అన్నాను. ఆయన తలూపి రాసుకున్నారు.

"ఎడమ పక్క కూడా ఖాళీగా ఉంది" అన్నాను.

లాయరు ఇంకా తలూపుతూనే ఉన్నాడు. అధ్యక్షుడి కలం ఆగిపోయింది. తల ఎత్తారు. "కూర్చోండి. మొదటి నుంచీ చెప్పండి" అన్నారు.

చెప్పాను. చీఫ్ రేపు తోమిద్దామన్నదీ, నేను అన్న మాటా, నవ్వినవాళ్ళూ, నాలుగు నిమిషాలూ. బిళ్ళలు మళ్ళీ ఎవరు తగిలించారని అడిగితే, తోమాక ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టారు, పెట్టమన్నది నా ఆర్డరే అన్నాను. ధైర్యం వచ్చి చెప్పలేదు. మాస్టారు నన్ను పొగుడుతుంటే భరించలేకపోయాను, అంతే.

బయటికొచ్చేసరికి, అప్పటిదాకా వరండాలో కూర్చున్న మాస్టారు లేచి గేటు వైపు నడుస్తున్నారు. పరిగెత్తితే అందేవారు. నేను పరిగెత్తలేదు.

ఏప్రిల్ 10, గురువారం

నా మంచితనం గురించి మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అన్నం పెట్టింది. ఇంకొంచెం వేసుకోండి అంది.

ఏప్రిల్ 18, శుక్రవారం

ఓడ ఇంకొకరికి ఇచ్చారు. నన్ను ఒడ్డున గోదాముల విభాగంలో వేశారు, తర్వాత సంగతి తర్వాత చూస్తారట. ఇక సముద్రం లేదు. ఇంత బాధ ఉంటుందని తెలిసి ఉంటే చెప్పేవాణ్ణి కాదేమో. ఆ మాట కూడా రాసిపెడుతున్నాను.

మృతుడి వైపు నుంచి ఎలాంటి నిర్లక్ష్యమూ లేదని సంఘం తేల్చింది. ఆ ఉత్తరం పోస్టులో పంపుతామన్నారు. నేను తీసుకెళ్తానని అడిగాను. తొమ్మిది రోజులుగా ఆయన ఇంటి వైపు వెళ్ళలేక, కాగితం రానీ కాగితం రానీ అని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఇప్పుడు ఆ వంక కూడా లేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

పొద్దున వెళ్ళాను. మాస్టారిది మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు. మెట్లు ఇరుకు. దుప్పటి మడత నలగని మంచం, కిటికీలో ఆరేసిన రెండు చొక్కాలు, గోడకు కొడుకు ఫోటో. నన్ను చూసి సంతోషించారు. నేను అన్నిటికంటే ఎక్కువ భయపడింది దానికే.

"రండి బాబూ. ఆర్డరు వచ్చిందా? జూన్ అన్నారు, ముందే వచ్చిందా?"

ఉత్తరం ఇచ్చాను. నిలబడే చదివారు. పెదవులు కదుపుతూ ఇంకోసారి చదివారు. కుర్చీ కోసం చెయ్యి వెనక్కి చాపితే నేను జరిపాను.

"బిళ్ళలు అక్కడ లేవా?"

"లేవు మాస్టారూ. నేనే తీయించాను. తోమడానికి."

"కాపలా?"

"పెట్టలేదు."

"చీఫ్ అనుభవమున్నవాడు కదా. అతను వద్దనలేదా?"

"అన్నాడు. రేపు చేద్దామన్నాడు."

"మీరేమన్నారు?"

ఆ మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. ఆయన విన్నారు. నా మీద అరుస్తారేమో, కొడతారేమో అనుకున్నాను. కొట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. కాగితాన్ని మడిచారు, మడత మీద గోటితో గీశారు.

"నలభై మూడు రోజులు" అన్నారు.

ఫోటో వైపు తిరిగారు.

"నలభై మూడు రోజులు వాణ్ణి తిట్టాను బాబూ. పొద్దున లేవగానే ఆ ఫోటో ముందు నిలబడి తిట్టేవాణ్ణి. ఇంత చిన్న పని చెయ్యలేకపోయావురా, నా పరువు తీశావురా అని. అన్నం తింటూ తిట్టాను. చచ్చినవాణ్ణి. వాడు ఏ తప్పూ చెయ్యలేదు, నేను మాత్రం రోజూ తిట్టాను. కోపంలో ఏడుపు కూడా రాలేదు నాకు."

"మాస్టారూ" అన్నాను. కాళ్ళ దగ్గర కూర్చోబోతే భుజం పట్టి ఆపారు. ఆ చేతిలో కోపం లేదు. అంతకుముందు నా మీద ఉన్న అభిమానం కూడా లేదు.

"ఇక వెళ్ళండి బాబూ" అన్నారు మెల్లగా. "నేను వాడి కోసం ఏడవాలి."

నేను బయటికి వచ్చాను. ఆయన తలుపు దగ్గరగా వేశారు. మెట్లు దిగుతున్నంతసేపూ చెవులు రిక్కించే ఉన్నాను, పైనుంచి ఏ చప్పుడూ రాలేదు. నేను వీధి దాటేదాకా ఆగి ఉంటారు.